వాగ్దానం కార్డు తీయడానికి చెయ్యి రాని అమ్మాయికి

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను, అమ్మాయీ. 'నువ్వు' అంటున్నందుకు ఏమీ అనుకోకు, మా చిన్నమ్మాయి వయసుదానివి. మిగతావారి కోసం నీ మాటలు క్లుప్తంగా ఇక్కడ పెడుతున్నాను. మీది టెక్కలి దగ్గర పల్లె. కిందటి డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి నువ్వు తీసిన వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికి దేవుని మాటగా తీసుకునే బైబిలు వాక్యం చీటీ) మీద యిర్మీయా 29:11 వచ్చింది. దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావన్న వాక్యం. ఆ ఏడాదే డీఎస్సీ ఒకటిన్నర మార్కులో పోయింది. కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయింది. జులై నుంచి నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఏడాదిలో బైబిలు పూర్తి చేస్తానన్న తీర్మానం ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. "ఈసారి కార్డు తీయడానికి చెయ్యి రావడం లేదు. నిరీక్షణతో కొత్త సంవత్సరంలోకి ఎలా వెళ్లాలి? ఇన్నేళ్ల విశ్వాసంలో నాలో ఎదుగుదల ఎందుకు లేదు?" అని అడిగావు.

నేను పాస్టరును కాను. శ్రీకాకుళంలో ముప్ఫై నాలుగేళ్లు బడిలో తెలుగు చెప్పాను. సంఘంలో ఆదివారం బడి, స్త్రీల కూడిక చూసుకుంటూ వచ్చాను. ఈ ప్రశ్న నీ ఒక్కదానిదే కాదు. ప్రతి డిసెంబరులోనూ ఎవరో ఒకరు ఇంటికి వచ్చి, కాసేపు కూర్చొని, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి ఇదే అడుగుతారు. గుమ్మం దగ్గర చెప్పగలిగిన జవాబు కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ వాక్యం సంగతి చూద్దాం. బైబిలులో యిర్మీయా ప్రవక్త గ్రంథం 29వ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకొని రాజును, అధిపతులను, కంసాలులను, పనివారిని బబులోనుకు పట్టుకుపోయాడు. ఊరికీ ఇంటికీ దేవాలయానికీ దూరమై పరాయి దేశంలో ఉన్న ఆ మనుషులకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. దానికి ముందున్న అధ్యాయం కూడా చదువు. అక్కడ హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. రెండేళ్లలో అంతా తిరిగి వచ్చేస్తుందంటాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి అందరి ముందూ విరిచేస్తాడు. వినేవారికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో ఆ మాట! యిర్మీయా కూడా "ఆమెన్, అలాగే జరగాలి" అన్నాడు. అతని మనసుకూ అదే కావాలి. కానీ దేవుడు అతని చేత రాయించినది రెండేళ్లు కాదు, డెబ్భై ఏళ్లు. నీ కార్డు మీదున్న వచనానికి సరిగ్గా పై వచనంలో ఆ అంకె ఉంది. కార్డుల మీద మాత్రం పదకొండో వచనం ఒక్కటే కనిపిస్తుంది.

డెబ్భై ఏళ్లంటే, ఆ ఉత్తరం విన్న నీ వయసు అమ్మాయి తిరుగు ప్రయాణం చూడదు. నిన్ను ఇంకా కుంగదీయడానికి ఈ మాట చెప్పడం లేదు. అయిదో వచనం నుంచి ఆ ఉత్తరం ఏం చేయమంటోందో చూడు. ఇళ్లు కట్టుకొని ఉండండి. తోటలు నాటి వాటి ఫలం తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలను కనండి. మిమ్మల్ని చెరపట్టి తెచ్చిన ఆ పట్టణం క్షేమం కోరి ప్రార్థన చేయండి. నీ కార్డు మీది మాట ఈ పనులన్నీ చేస్తూ ఉండవలసిన మనుషులకు ఇచ్చిన మాట. పన్నెండు నెలల్లో ఏ కష్టమూ రాదన్న హామీ అందులో ఎక్కడా లేదు. వాక్యం నిన్ను మోసం చేయలేదమ్మా. యిర్మీయా మాటను హనన్యా గొంతుతో చదివి నీకు అందించాం. ఆ తప్పు మా తరం పెద్దలది.

కార్డులు తీయడమే పాపమని కొందరు అంటారు. నేను అనను. వాక్యాన్ని చీటీగా తీసే అలవాటు మన జిల్లాల్లో పుట్టినది కాదు, నిన్న మొన్నటిదీ కాదు. జర్మనీలో హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్లో 1728 మే 3న సాయంకాలపు కూడికలో జింజెండోర్ఫ్ అనే జమీందారు మరుసటి రోజు కోసం ఒక వాక్యం ఇచ్చాడు. అప్పటినుంచి ఏ రోజు వాక్యాన్ని ఆ రోజు ఇంటింటికీ వెళ్లి చెప్పేవారు. 1731 నుంచి ఏడాది మొత్తానికి వాక్యాలు ముందే తీసి అచ్చు వేస్తున్నారు. ఇప్పటికీ ఆ ఊళ్లో చీటీలు తీసే వాటిని ఎంచుతారు. ఇందులో నా మనసుకు పట్టిన సంగతి ఒకటుంది. ఆ రోజు వాక్యం ఊరంతటికీ ఒక్కటే. పెళ్లి పందిరి వేసిన ఇంటికీ, శవం లేచిన ఇంటికీ అదే మాట. మనమేమో ఎవరి కార్డు వారు గుప్పిట్లో పెట్టుకొని, నీకేం వచ్చింది, నాకేం వచ్చింది అని పోల్చుకుంటాం. అక్కడే అది చిలక జోస్యం చీటీ అయిపోతుంది.

తెలుగు చెప్పినదాన్ని కనుక ఇప్పుడు ఒక మాట దగ్గర ఆగుతాను. మామూలుగా మనం ఆశ అంటాం. తెలుగు బైబిలులో ఎక్కువగా వినిపించేది నిరీక్షణ. చూపు నిలిపి ఎదురుచూడడం అని దాని అర్థం. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో, కంటికి కనబడనిదాని కోసం నిరీక్షిస్తే 'ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము' అని ఉంటుంది. ఇప్పటి పిల్లలకు కనిపెట్టడమంటే బల్బునో టెలిఫోనునో కనిపెట్టడం. పాత అర్థం వేరు. కనిపెట్టుకొని ఉండడమంటే ఎదురుచూడడం. కాచుకొని ఉండడం కూడా. "పాలు పొయ్యి మీద ఉన్నాయి, కాస్త కనిపెట్టి ఉండు" అంటాం. "నేను వచ్చేదాకా నాన్నను కనిపెట్టుకొని ఉండు" అంటాం. ఎదురుచూడడం, చూసుకోవడం, రెండూ ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నాయి. 130వ కీర్తనలో కావలివారు ఉదయం కోసం కనిపెట్టే మాట వస్తుంది. కావలివాడు ముసుగుతన్ని పడుకొని తెల్లవారడం కోసం ఎదురుచూడడు. తన కాపలాలో ఉన్నదాన్ని కాస్తూ చూస్తాడు. ఏళ్ల తరబడి పాఠం చెప్పాక నాకు అర్థమైన క్రైస్తవ నిరీక్షణ ఇదే.

ఇప్పుడు నీ ఏడాదిని చూడు. ఎదుగుదల లేదన్నావు. కిందటి జూన్‌లో నీకు ఫిస్టులా అంటే, డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపి చేసే మార్గమంటే, తెలుసా? ఇప్పుడు ఆ చేతికి రక్తపోటు పట్టీ కట్టకూడదని, డయాలసిస్‌కు తప్ప సూది గుచ్చకూడదని నర్సు కన్నా ముందు నువ్వే చెబుతున్నావని రాశావు. రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో గ్లాసుతో కొలిచి పెడుతున్నావు. వేకువనే బస్సు పట్టుకొని, నాలుగు గంటలు ఆ మంచం పక్కన కూర్చొని, మళ్లీ ఇంటికి తీసుకొస్తున్నావు. విసుక్కున్న రోజులు ఉన్నాయని కూడా నిజాయితీగా ఒప్పుకున్నావు. జులై నుంచి నువ్వు నాన్నగారిని కనిపెట్టుకొని ఉన్నావు. ఇది నీ ఆత్మీయ జీవితానికి అడ్డు వచ్చిన పని అనుకుంటున్నావు. ఈ ఏడాది నీ ఆత్మీయ జీవితంలో అతి గట్టి భాగం ఇదేనని నేను నమ్ముతున్నాను. మార్కు సువార్త నాలుగో అధ్యాయంలో విత్తనం చల్లిన రైతు నిద్రపోతాడు, లేస్తాడు. మొలక ఎలా వచ్చిందో అతనికే తెలియదు. మొదట మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాత ముదురు గింజ. తన ఎదుగుదలను తానే కొలిచే అవకాశం విత్తనానికి లేదు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా పుట్టిల్లు వజ్రపుకొత్తూరు మండలంలో, కొబ్బరి, జీడి తోటల ఉద్దానం ప్రాంతంలో. 2018 జనవరి ఒకటిన మా అమ్మ తీసిన కార్డు మీద 85వ కీర్తనలోని మాట వచ్చింది, మన భూమి దాని ఫలమిస్తుందని. ఆ ఏడాది అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. ఉద్దానంలో ఆ ఉదయం చూసినవారికి నేను వర్ణించనక్కర్లేదు. మా అరవై కొబ్బరి చెట్లలో ఏడు మిగిలాయి. జీడి తోట మొత్తం వేళ్లతో లేచి పడి ఉంది. నేను శ్రీకాకుళం నుంచి వెళ్లేసరికి అమ్మ పడిపోయిన మానుల మధ్య కూర్చొని ఉంది. ఆ కార్డు సంగతి నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు. ఆదివారం ప్రార్థనలో కూడా నెల రోజులు ఆమె నోరు విప్పలేదు. పక్కన కూర్చొని మౌనంగా లేచి వచ్చేది. ఆ మౌనాన్ని అవిశ్వాసమని ఎవరూ అనలేదు. అందుకు ఆ చిన్న సంఘానికి ఈనాటికీ నేను రుణపడి ఉన్నాను.

మరుసటి ఏడాది వానలకు అన్నయ్య మళ్లీ మొక్కలు వేశాడు. నాటు రకం కొబ్బరి. కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అప్పటికి అమ్మకు డెబ్భై ఎనిమిది. లెక్క ఆమెకు రాక కాదు. అయినా ఎండాకాలమంతా రోజు విడిచి రోజు పాదులకు నీళ్లు పోసింది. కొమ్ము పురుగు పడితే వంచిన తీగతో మొవ్వులోంచి తీయడం మనవడికి నేర్పింది. 2022లో ప్రభువు దగ్గరకు వెళ్లింది. ఆ చెట్లలో మొదటి గెల 2025 వేసవిలో దిగింది. నిరీక్షణ అన్న మాటకు అర్థం అడిగితే నాకు ఇప్పుడు నిఘంటువు గుర్తుకు రాదు, పాదు చుట్టూ తడిసిన ఆ ఇసుక గుర్తుకు వస్తుంది. (మీకూ కొబ్బరి ఉందని రాశావు. నాన్నగారు అడిగినా కొబ్బరి నీళ్లు ఇవ్వకు. వాటిలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ చేయించుకునేవారికి ప్రమాదం. సొంత తోటలో కాయ దింపి తాను తాగలేకపోవడం ఎంత బాధో నాకు తెలుసు.)

ఇక తీర్మానాల సంగతి. బైబిలులో 1,189 అధ్యాయాలు ఉన్నాయి. ఏడాదిలో పూర్తి కావాలంటే రోజుకు మూడుకు పైగా చదవాలి. ఆదికాండంతో మొదలుపెడితే జనవరి ఆఖరు వారానికి లేవీయకాండం వస్తుంది. సరిగ్గా అక్కడే, బలుల నియమాల మధ్య, మా ఆదివారం బడి టీచర్లలో సగం మంది ఆగిపోవడం నేను ఏటా చూశాను. ఒక రోజు తప్పితే ఆరేడు అధ్యాయాలు, మూడు రోజులు తప్పితే పదమూడు. అప్పుతీర్చే మనసుతో చదివిన వాక్యం లోపలికి దిగదు. నీకు అది పనికిరాదు, ఈ ఏడాది అసలే వద్దు.

దాని బదులు ఒక లెక్క చెబుతాను. వారానికి మూడు చొప్పున ఏడాదికి డయాలసిస్‌లు సుమారు 156. కీర్తనలు 150. ఒక్కో డయాలసిస్‌కు ఒక్కో కీర్తన, నాన్నగారికి వినబడేలా, మెల్లగా చదువు. 119వది పెద్దది, దాన్ని నాలుగైదు సార్లుగా పంచుకోవచ్చు. మిగిలిన రోజుల్లో ఏమీ చదవకపోయినా నేరం చేసినట్టు అనుకోకు. కీర్తనలే ఎందుకంటే, వాటిలో పాడేవారికన్నా మొరపెట్టేవారు ఎక్కువ. 88వ కీర్తన దగ్గరకు వచ్చినప్పుడు దాటేయకు. అది చీకటితోనే ముగుస్తుంది, చివర్లో వెలుగు రాదు. అలాంటి ప్రార్థనను కూడా దేవుని గ్రంథంలో ఉండనిచ్చారంటే, నువ్వు రాత్రిపూట దిండులో ముఖం పెట్టుకొని అనే మాటలు కూడా ఆయన వింటాడని నేను ధైర్యంగా చెప్పగలను. నాన్నగారికి నచ్చిన వచనం ఏదైనా ఉంటే తేదీ వేసి రాసుకో. అది చాలు.

ఆ వార్డులో మిగతా మంచాలు కూడా ఉంటాయి. ఉద్దానం నుంచి వచ్చినవారు, రకరకాల కులాలవారు, వేరే దేవుళ్లకు మొక్కుకునేవారు. 'మీరున్న పట్టణం క్షేమం కోరండి' అన్న మాటకు నీ ఏడాదిలో చోటు ఆ వార్డే. ఎవరి తోడుగా వచ్చినవారైనా మందుల షాపుకు వెళ్లవలసి వస్తే, ఆ పది నిమిషాలు వాళ్ల మనిషిని కూడా కనిపెట్టుకొని ఉండు. వాళ్ల పేర్లు, ఊళ్లు తెలుసుకో. రాత్రి ప్రార్థనలో ఆ పేర్లు చెప్పు. బోధించాలని చూడకు. అలసిపోయి ఉన్నవారికి తోడు కావాలి. ఎదుగుదల అని నువ్వు వెతుకుతున్నది ఇలాంటి చోట, నువ్వు గమనించని పక్క నుంచి వస్తుంది.

ఒక హెచ్చరిక చేయాలి, ఇది గట్టిగానే చెబుతాను. జనవరి వస్తే మన దగ్గర ఉపవాస కూడికలు మొదలవుతాయి. ఎవరో ఒకరు నాన్నగారి తల మీద చెయ్యి వేసి, స్వస్థత జరిగిపోయింది, ఇక ఆసుపత్రి అక్కర్లేదు, విశ్వాసం ఉంటే మానెయ్యండి అనవచ్చు. అలా విని డయాలసిస్ మానేసిన ఒక మనిషి అంత్యక్రియలకు నేను వెళ్లాను. మానడానికి ఒప్పుకోకు. ఒక్క రోజు కూడా వాయిదా వేయకు. మూత్రపిండాలు వడకట్టవలసిన నీరూ విషాలూ శరీరంలో పేరుకుపోతాయి, గుండె మీద పడతాయి. స్వస్థత కోసం ప్రార్థించు, నేనూ ప్రార్థిస్తాను. ఆ యంత్రం దగ్గర నాలుగు గంటలు కూర్చోవడం ఆ ప్రార్థనలో భాగమే. నాన్నగారిని ఉపవాసం ఉండనివ్వకు. ఆహారం విషయంలో ఏ మార్పయినా డాక్టరును అడిగాకే. అలసట ఎక్కువైతే నువ్వు కూడా ఉపవాసం మానుకో. విందుల్లో ఉప్పు చేపలూ పచ్చళ్లూ ఆయన కంచంలో పడకుండా చూసుకో.

డీఎస్సీ గురించి పెద్దగా చెప్పేది లేదు. ఒకటిన్నర మార్కు దూరంలో ఆగినదానివి, మళ్లీ రాయి. ఆ వార్డులో కూర్చునే నాలుగు గంటల్లో కీర్తన చదివాక ఇంకా మూడున్నర గంటలు ఉంటాయి. ఒక పుస్తకం సంచిలో పెట్టుకో. ఆ మార్కులను దేవుని ప్రేమకు కొలతగా మాత్రం పెట్టుకోకు. తప్పిపోయిన సంబంధం గురించి ఇప్పుడేమీ అనను. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉందని నీ రాతలోనే తెలుస్తోంది. ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే, మీ సంఘంలో మాట గుట్టుగా దాచగల పెద్దామె ఒక్కరిని చూసుకొని మాట్లాడు, పదిమందితో కాదు.

కొత్త ఏడాదికి పాతదాన్ని తుడిచి పారేసి ఖాళీ పలకతో వెళ్లాలని అనుకుంటున్నట్టు ఉన్నావు. ఈ రోజుల్లో మన జిల్లాలో వరి కోతలు చూడు. కోతకు రెండు మూడు రోజుల ముందే, వరి ఇంకా నిలబడి ఉండగానే దాని మధ్యలో పెసర, మినుము చల్లేస్తారు. పొలం మళ్లీ దున్నరు. వరి వదిలి వెళ్లిన పదునుతోనే ఆ పైరు బతుకుతుంది. ఈ ఏడాది నీకు వదిలి వెళ్తున్న తడి చాలా ఉంది, కన్నీళ్ల తడి కూడా. అది ఎండిపోకముందే 31 రాత్రి గుడికి వెళ్లు.

నాన్నగారికి మరుసటి రోజు ఉదయం డయాలసిస్ ఉంటే ఆయన్ను అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టకు. ఒక పాట, ఒక ప్రార్థన అయ్యాక ఇద్దరూ ఇంటికి వచ్చేయండి. పన్నెండు కొట్టినప్పుడు గుడిలో ఉన్నవారికే నూతన సంవత్సరం రాదు. సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు చెప్పాలనిపించకపోతే లేవకు. కార్డు తీయాలనిపిస్తే తియ్యి. తీసి, బైబిలులో ఆ వాక్యానికి పైన అయిదు వచనాలు, కింద అయిదు వచనాలు చదువు. తీయాలనిపించకపోతే పళ్లెం పక్కవారికి అందించు.

పాత కార్డును మాత్రం పారేయకు. అమ్మ వెళ్లిపోయాక ఆమె బైబిలు నాకు వచ్చింది. 2018 నాటి ఆ కార్డు కీర్తనల మధ్యలోనే ఉంది. దాని వెనక పెన్సిలుతో, వణికే అక్షరాలతో, ఏ తేదీన ఎన్ని మొక్కలు వేశారో, ఏ మొక్క చచ్చిపోతే మళ్లీ ఎప్పుడు వేశారో వరసగా రాసి ఉంది. నీ కార్డు వెనక కూడా ఖాళీ ఉంటుంది. జనవరిలో మొదటి డయాలసిస్ తేదీ, ఆ రోజు చదివిన కీర్తన అంకె అక్కడ రాసి, వీలైనప్పుడు నాకు కూడా తెలియజెయ్యి.